గొంతులో అడ్డం పోలేదు, గ్యాస్ మాత్ర మానలేకపోతున్నాను

ప్రశ్న: అక్కా, నాకు 36 ఏళ్ళు. సొంతూరు ఒంగోలు దగ్గర పల్లె, పదకొండేళ్ళుగా బెంగళూరులో ఉద్యోగం, మారతహళ్ళిలో ఉంటాం. నైట్ షిఫ్ట్, రాత్రంతా అమెరికా వాళ్ళతో కాల్స్. ఎనిమిది నెలల నుంచి గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఉంటోంది, మింగినా పోదు, ఉమ్మినా రాదు. అన్నం మాత్రం మామూలుగానే దిగుతుంది. మాటిమాటికీ గొంతు సవరించుకుంటాను, తెల్లారేసరికి బొంగురు. గుండెల్లో మంట ఎప్పుడూ లేదు. ఈఎన్‌టీ డాక్టరు ముక్కులోంచి కెమెరా పెట్టి చూసి, గడ్డలేమీ లేవు, కాస్త ఎర్రగా ఉంది, యాసిడ్ పైకి వస్తోందని పాంటాప్రజోల్ 40, డోంపెరిడోన్ 30 కలిసిన క్యాప్సూల్ ఆరు వారాలకు రాశారు. తగ్గలేదు, అయినా నేనే కొనుక్కుని ఐదు నెలలు వాడాను. పోయిన నెల విసుగొచ్చి ఒక్కసారిగా మానేశాను. వారం తిరక్కుండా ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు, జన్మలో ఎరగనివి! భయపడి మళ్ళీ మొదలుపెట్టాను. ఇక ఇది జీవితాంతం వాడాల్సిందేనా? ఆఫీసులో ఒకతను వోనోప్రజాన్ వాడమంటున్నాడు, ఇంకొకతను రాబెప్రజోల్, లెవోసల్పిరైడ్ కలిసినది బాగా పనిచేస్తుందంటున్నాడు. మా పెదనాన్న గొంతు క్యాన్సర్‌తో పోయారు, ఆ భయం ఒకటి. వాడే మందులు: ఆ క్యాప్సూల్, బీపీకి రామిప్రిల్ 5 (పది నెలలుగా), అప్పుడప్పుడు ఈనో. అమ్మేమో వేడి చేసింది, మజ్జిగ తాగమంటోంది.

జవాబు: తమ్ముడూ, అక్కా అన్నారు కాబట్టి తమ్ముడే, కాకపోతే "మీరు" అనే రాస్తాను, మందుల షాపు కౌంటర్ వెనక ఇరవై ఏళ్ళు నిలబడ్డదాన్ని, ఆ అలవాటు పోదు. నేను డాక్టర్ని కాదు, ఫార్మసిస్టుని. మాత్ర కడుపులోకి వెళ్ళాక ఏం చేస్తుంది, ఏం చెయ్యదు, దేనితో కలిస్తే పేచీ అన్నది చెప్పగలను గానీ మీ గొంతులోకి తొంగిచూడలేను. చూసిన డాక్టరు దగ్గరికి మీరు ఎలాగూ మళ్ళీ వెళ్ళాలి, ఆయన్ని ఏమడగాలో చెప్తాను.

ముందు పెదనాన్నగారి సంగతి, ఎందుకంటే ఆ భయం లోపల కూర్చుని ఉంటే నేను రాసే మిగతాదేదీ మీకు ఎక్కదు. కెమెరాతో చూశారు, గడ్డ లేదన్నారు, అది చిన్న విషయం కాదు. ఊరికే ఉన్నప్పుడు అడ్డం పడ్డట్టుండి, అన్నం తినేటప్పుడు ఏ ఇబ్బందీ లేకపోతే అది సాధారణంగా గడ్డ లక్షణం కాదు, నిజంగా అడ్డం ఉంటే ముందు ముద్దే దిగదు కదా. అయితే ఆ పరీక్ష జరిగి ఆరేడు నెలలైంది, బొంగురు ఇంకా పోలేదు. మూడు నాలుగు వారాలు దాటిన బొంగురును మాత్రల మీద వదిలెయ్యకూడదు, కాబట్టి ఇంకోసారి కెమెరాతో చూపించుకోండి, చూపించుకుని నిశ్చింతగా ఉండండి. మింగితే నొప్పి, ముద్ద అడ్డుపడటం, ఉమ్మిలో రక్తం, బరువు తగ్గడం, ఒక్క చెవిలోనే పోటు, మెడ మీద గడ్డ, వీటిలో ఏది కనిపించినా వచ్చే నెల అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. సిగరెట్టు, గుట్కా సంగతి మీరు రాయలేదు. రాయలేదు కదాని లేవనుకోను, మా కౌంటర్ దగ్గర అందరూ "అబ్బే, అప్పుడప్పుడే" అనేవాళ్ళే.

ఇక మాత్ర. మీ మెయిల్ చూడగానే నేను తిరిగి ఒక్కటే అడిగాను, ఆ క్యాప్సూల్ ఏ టైముకు వేసుకుంటున్నారు, ముందూ వెనకా ఏం తింటున్నారు అని. మీరు రాసింది ఇదీ: ఆరింటికి క్యాబ్ దింపుతుంది, సందు చివర దర్శిని టిఫిన్ హోటల్లో నిలబడే రెండు ఇడ్లీ, ఒక వడ, సాంబారు, ఫిల్టర్ కాఫీ, ఇంటికొచ్చి ఏడింటికి క్యాప్సూల్, ఏడున్నరకి పడక. లేచేది మధ్యాహ్నం రెండింటికి, అన్నం మూడింటికి. చీటీ మీద "ఉదయం" అని ఉంది కాబట్టి ఉదయమే వేసుకున్నారు. ఇందులో మీ తప్పేం లేదు. రాసినవాళ్ళు మీది ఏ షిఫ్ట్ అని అడగాల్సింది, కనీసం స్ట్రిప్ చేతికిచ్చిన షాపువాళ్ళన్నా అడగాల్సింది, మావాళ్ళనీ వెనకేసుకురాను.

ఎందుకంటే ఈ రకం మందుకి టైమే ప్రాణం. కడుపు గోడలో యాసిడ్‌ని తోడిపోసే పంపులుంటాయి. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్, ఈసోమెప్రజోల్, పేర్లు ఎన్నయినా అన్నీ ఒక కుటుంబమే, అన్నీ ఆ పంపుల్నే మూస్తాయి, కానీ నడుస్తున్న పంపును మాత్రమే మూయగలవు. ఆగి ఉన్నదాని జోలికి పోవు. పంపులు జోరుగా నడిచేది మనం తిన్నప్పుడు. మందు రక్తంలో ఎక్కువసేపు నిలవదు, ఒకటి రెండు గంటల్లో సగం ఖర్చయిపోతుంది. కాబట్టి పరగడుపున వేసుకుని, అరగంట నుంచి గంటలోపు తినాలి, అప్పుడు మందు రక్తంలోకి వచ్చే వేళకి పంపులు లేస్తాయి, పట్టుబడతాయి. మీరేమో తిన్నాక వేసుకున్నారు, పైగా ఏడెనిమిది గంటలు మళ్ళీ ఏమీ తినలేదు. మన ఊళ్ళో త్రీ ఫేజ్ కరెంటు వచ్చే టైముకి మోటారు దగ్గర ఉండాలి, పోయాక వెళ్ళి స్విచ్ నొక్కితే ఏం లాభం, అలా ఉంది. అసలు పనిచెయ్యలేదు అనను, మానితే మంట వచ్చిందంటేనే కొంత పనిచేసినట్టు. కానీ ఐదు నెలలు మందు పూర్తిగా వాడి చూశాను అని మీరు అనుకుంటున్నది మాత్రం నిజం కాదు. మీకు "ఉదయం" అంటే మధ్యాహ్నం రెండు. లేవగానే మాత్ర, స్నానం, మూడింటికి అన్నం. నైట్ షిఫ్ట్ వాళ్ళందరికీ ఇదే లెక్క, గడియారం కాదు, నిద్ర లేచాక మొదటి తిండి.

ఇంకోటి, ఒక్క మాత్రతో అన్ని పంపులూ మూతపడవు, పూర్తి ప్రభావం రావడానికి మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది. మంటగా ఉన్న రోజున ఒకటి వేసుకుని, పనిచెయ్యలేదని మరో కంపెనీది అడిగేవాళ్ళు మాకు రోజుకి పదిమంది.

సరే, టైము సరిచేస్తే గొంతు బాగైపోతుందా? ఇక్కడే నాకు అనుమానం. ఈ మాత్ర కడుపులో యాసిడ్‌ని తగ్గిస్తుంది, అంతే. కింద నుంచి పైకి వచ్చేదాన్ని ఆపదు, వచ్చేదాని పులుపు తగ్గిస్తుంది. గుండెల్లో మంటకి అది చాలు, ఎందుకంటే అక్కడ మంట పెట్టేది ఆ పులుపే. గొంతు కథ వేరు. పైకి వచ్చేదాంట్లో పెప్సిన్ అని మాంసకృత్తుల్ని అరిగించే ఎంజైమ్ కూడా ఉంటుంది, దాన్ని ఈ మాత్రలు ఆపవు. కొందరిలో పైకి రావడం మామూలుగానే ఉంటుంది, గొంతు నరాలే అతి సున్నితమైపోయి చిన్నదానికే కస్సుమంటుంటాయి. ఇంకొందరిలో ఇలా పైకి రావడం, అంటే రిఫ్లక్స్, అసలే ఉండదు, ముక్కు వెనక నుంచి కారే చీమిడి వల్లనో, ఎలర్జీ వల్లనో, గంటలకొద్దీ మాట్లాడటం వల్లనో వస్తుంది. బెంగళూరు దుమ్ము, పుప్పొడి సంగతి నేను చెప్పాలా, ఈ ఊరొచ్చిన రెండో ఏడే నాకూ తుమ్ములు పట్టుకున్నాయి. కెమెరాలో కనిపించిన ఎరుపు కూడా గట్టి సాక్ష్యం కాదు, గొంతులో ఏ బాధా లేనివాళ్ళలో చూసినా ఆ మాత్రం ఎరుపు చాలామందికి కనిపిస్తుంది. రోజంతా గొంతు సవరించుకునేవాడికి ఎర్రబడకుండా ఎలా ఉంటుంది!

దీని మీద బ్రిటన్‌లో మంచి పరీక్షే జరిగింది, 2021లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. మీలాంటి గొంతు ఇబ్బందులున్న 346 మందిని తీసుకుని, సగంమందికి లాన్సోప్రజోల్ 30 మిల్లీగ్రాములు రెండు పూటలా 16 వారాలు ఇచ్చారు, మిగతా సగానికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్రలిచ్చారు. రెండు గుంపుల్లోనూ గొంతు కొంత మెరుగైంది, కానీ మందు వేసుకున్నవాళ్ళకీ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే పక్కింటాయన "నాకు తగ్గిందండీ" అంటే అబద్ధమాడుతున్నట్టు కాదు, తగ్గింది నిజమే, మాత్ర వల్లే తగ్గిందా అన్నదే ప్రశ్న. ఆ తర్వాత 2022లో అమెరికా గ్యాస్ట్రో డాక్టర్ల సంఘం ఇచ్చిన సూచనలు కూడా అదే దారి: గొంతు బాధతో పాటు ఛాతీలో మంట కూడా ఉంటే రెండు పూటలా 8 నుంచి 12 వారాలు వాడి చూడొచ్చు, మంట లేకుండా ఒక్క గొంతు బాధే ఉంటే ముందు రిఫ్లక్స్ ఉందో లేదో పరీక్ష చేసి ఆ తర్వాతే మందు. మీరు రెండో రకం. ఎనిమిది నెలల కింద మీకు మంట లేదు.

"మరి ఇప్పుడు మంట వచ్చింది కదక్కా, అంటే రిఫ్లక్స్ ఉన్నట్టే కదా" అంటారు. కాదు తమ్ముడూ, మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించిన ముక్క ఇదే. నెలల తరబడి పంపులు మూసేస్తే శరీరం ఊరుకోదు, యాసిడ్ చాలట్లేదని గాస్ట్రిన్ అనే హార్మోన్‌ని పెంచుకుంటూ పోతుంది. మీరు ఒక్కసారిగా మూత తీసేశారు, లోపల పేరుకున్న ఆ తొందరంతా ఒకేసారి బయటపడింది, మామూలు కన్నా ఎక్కువ యాసిడ్ ఊరింది. డెన్మార్క్‌లో 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో జబ్బేమీ లేని 120 మందిని తీసుకుని సగంమందికి ఎనిమిది వారాలు ఈసోమెప్రజోల్ ఇచ్చి ఆపేశారు. ఆపాక వాళ్ళలో నూటికి 44 మందికి మంట, పుల్లటి తేన్పులు, అజీర్తి లాంటివి మొదలయ్యాయి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో నూటికి 15 మందికే. గుర్తుంచుకోండి, వాళ్ళెవరికీ ముందు ఏ జబ్బూ లేదు. మాత్ర మానితే మాత్రే తెచ్చిపెట్టిన మంట అది. దాన్ని చూసి "అమ్మో, నాకు నిజంగానే ఉంది" అని మళ్ళీ మొదలుపెడతారు, అలా ఏళ్ళు గడిచిపోతాయి. మా షాపుకి నెలనెలా వచ్చి రెండేసి స్ట్రిప్పులు పట్టుకెళ్ళే ఒక పెద్దాయన ఉన్నారు, అసలు ఎందుకు మొదలుపెట్టారో ఆయనకే గుర్తులేదు, ఎప్పుడో జ్వరం వచ్చినప్పుడు యాంటీబయాటిక్‌తో పాటు రాశారట.

ఆ మంట తాత్కాలికం, చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. కాబట్టి "జీవితాంతమా" అన్న ప్రశ్నకి నా జవాబు, మీ విషయంలో అలా అనుకోవడానికి ఇప్పటిదాకా ఒక్క కారణం కూడా కనపడలేదు. అన్నవాహికలో పుళ్ళు ఉన్నవాళ్ళు, రక్తం పలచబడే మందులు వాడుతూ కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉన్నవాళ్ళు, వాళ్ళ లెక్క వేరు, వాళ్ళు ఇది చదివి మాత్ర మానెయ్యకండి దయచేసి.

ఇప్పుడు మీరు మందుల జాబితాలో మధ్యలో రాసిన రామిప్రిల్. అసలు దీంతోనే మొదలుపెట్టాల్సింది నేను. బీపీకి వాడే మందుల్లో "ప్రిల్" అని ముగిసేవి, రామిప్రిల్, ఎనలాప్రిల్, పెరిండోప్రిల్, ఇవన్నీ కొందరిలో పొడి దగ్గు, గొంతులో గిలి, ఎప్పుడూ సవరించుకోవాలనిపించడం తెస్తాయి. ఇవి ఆపే ఎంజైమే మన శరీరంలో బ్రాడికైనిన్ అనే పదార్థాన్ని విడగొడుతుంది, అది ఆగిపోయేసరికి బ్రాడికైనిన్ పేరుకుని గొంతును గిల్లుతూ ఉంటుంది. మొదలుపెట్టిన మర్నాడే రావాలని లేదు, వారాలకో నెలలకో కూడా రావచ్చు, అందుకే ఎవరూ ఆ మాత్రను అనుమానించరు. మీరు మాత్ర మొదలుపెట్టింది పది నెలల కింద, గొంతు బాధ మొదలైంది ఎనిమిది నెలల కింద. ఈఎన్‌టీ దగ్గర బీపీ మాత్ర పేరు చెప్పారా? నా పందెం, చెప్పి ఉండరు, గొంతుకీ బీపీకీ ఏం సంబంధం అనుకుని ఉంటారు. అందరూ అదే చేస్తారు.

ఇదే కారణమని నేను తేల్చి చెప్పట్లేదు. కానీ తేల్చుకోవడానికి అన్నిటికన్నా తేలిక దారి ఇదే. సొంతంగా మాత్రం ఆపకండి, బీపీ మందు ఆపి గొంతు చూసుకుంటూ కూర్చుంటే ఇంకో తంటా. బీపీ రాసిన డాక్టరు దగ్గరికి ఈ వారమే వెళ్ళి, "రామిప్రిల్ మొదలైన రెండు నెలలకి గొంతు గిలి మొదలైంది, వేరే రకానికి మార్చగలరా" అని ఈ మాటలే అనండి. సాధారణంగా టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటి "సార్టాన్" రకానికి మారుస్తారు, వాటితో ఈ దగ్గు చాలా అరుదు. ఆమ్లోడిపిన్ రాస్తే మాత్రం ఒక్క మాట గుర్తుచేయండి, అది అన్నవాహిక కింది వాల్వ్‌ను కాస్త వదులు చేస్తుంది, రిఫ్లక్స్ అనుమానం ఉన్నవాళ్ళకి మొదటి ఎంపిక కాకపోవచ్చు. మార్చాక చాలామందికి ఒకటి నుంచి నాలుగు వారాల్లో తగ్గుతుంది, కొందరికి మూడు నెలలు పడుతుంది, వారానికే పెదవి విరవకండి.

ఆఫీసు స్నేహితుల సలహాలు చూద్దాం. వోనోప్రజాన్ మంచి మందే. జపాన్‌లో 2014లోనే అనుమతి వచ్చింది, మన షాపుల్లోకీ వచ్చింది. అదీ ఆ పంపునే మూస్తుంది కానీ వేరే పద్ధతిలో, తిండికి ముందా వెనకా అన్న పట్టింపు లేదు, ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. మీలాంటి అడ్డదిడ్డం టైములకి అది సులువు, నిజమే. కానీ మీ గొంతు బాధకి యాసిడే కారణమని తేలనప్పుడు యాసిడ్‌ని ఇంకా గట్టిగా అణిచే మందు ఏం సాధిస్తుంది? యాసిడే కారణమని తేలితే అప్పుడు డాక్టరుతో మాట్లాడుకోవచ్చు.

లెవోసల్పిరైడ్ కలిసిన దాని జోలికి స్నేహితుడి మాట మీద అస్సలు పోవద్దు. అది కడుపు కదలికను పెంచే మందు అని అమ్ముతారు గానీ మెదడులో డోపమైన్ అనే రసాయనం మీద కూడా పనిచేస్తుంది. ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరిగి మగవాళ్ళలో కూడా రొమ్ము వాపు, ఆడవాళ్ళలో నెలసరి తేడాలు రావచ్చు, ఎక్కువకాలం వాడితే చేతులు వణకడం, కాళ్ళూ చేతులూ బిగుసుకోవడం లాంటివి వచ్చినవాళ్ళున్నారు. గ్యాస్ మాత్రేగా అనుకుని ఏడాది వాడిన మనిషికి చెయ్యి వణుకుతుంటే ముసలితనం అనుకుంటారు, ఎవరూ స్ట్రిప్ వెనక్కి తిప్పి చూడరు.

మీ క్యాప్సూల్లో ఉన్న డోంపెరిడోన్ కూడా ఐదు నెలలు వాడే మందు కాదు. గుండె లయ మీద ప్రభావం ఉంటుందని యూరప్‌లో 2014లోనే కట్టడి పెట్టారు, వాంతులు, వికారానికి తప్ప వేరే దానికి వద్దన్నారు, అదీ 10 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లకు మించకుండా, మామూలుగా వారం లోపే. మీకు వికారం లేదు, వాంతి లేదు. గొంతు బాధ మీద అది పనిచేస్తుందనడానికి గట్టి ఆధారమూ లేదు. డాక్టర్ని అడిగి ఉత్త పాంటాప్రజోల్‌కి మారిపోండి, ఇది వెంటనే చెయ్యొచ్చు. కొన్ని యాంటీబయాటిక్స్, ఫంగస్ మందులు దీంతో కలవకూడదు, మధ్యలో జలుబో జ్వరమో వచ్చి ఎక్కడన్నా చూపించుకుంటే ఇది వాడుతున్నానని చెప్పి తీరాలి.

ఇక వరస. ఇప్పుడు అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది పనిచేసిందో జన్మలో తెలియదు. నన్నడిగితే ముందు బీపీ మాత్ర మార్పించుకోండి. ఆ నెల రోజులూ ఉత్త పాంటాప్రజోల్ 40, మధ్యాహ్నం లేవగానే, రోజూ ఒకే టైముకు. గొంతు తగ్గిందా, సరే, పాంటాప్రజోల్ దించడం మొదలుపెట్టొచ్చు: 20కి తగ్గించి రెండు వారాలు, తర్వాత రోజు విడిచి రోజు ఇంకో రెండు వారాలు, ఆపైన ఆపెయ్యడం. మాత్రని విరిచి సగం వేసుకోవద్దు, పైన పూత ఉంటుంది, కడుపులో యాసిడ్‌కి మందు పాడవకుండా కాపాడేది అదే, 20 మిల్లీగ్రాముల మాత్రలు విడిగా దొరుకుతాయి. దించే రోజుల్లో మంట వస్తే ఆల్జినేట్ సిరప్, గావిస్కాన్ లాంటిది, తిన్నాక, పడుకునే ముందు తాగండి. సముద్రపు నాచు నుంచి తీసిన పదార్థం అది, కడుపులో తిండి మీద మీగడలా తేలి పైకి రాకుండా అడ్డుపడుతుంది. అందులో సోడియం ఉంటుంది, మీకు బీపీ కాబట్టి నెలల తరబడి కాకుండా ఈ కొద్ది వారాలకే, అదీ డాక్టరుకి చెప్పి.

నెల, రెండు నెలలు గడిచినా గొంతు అలాగే ఉంటే మాత్రం ఇంకో మాత్ర అడగకండి, పరీక్ష అడగండి. ముక్కులోంచి సన్నటి తీగలాంటి గొట్టం అన్నవాహికలోకి దించి, 24 గంటలు నడుముకి చిన్న పెట్టె కట్టి పంపిస్తారు, యాసిడ్ ఎన్నిసార్లు వచ్చింది, యాసిడ్ కానిది ఎన్నిసార్లు వచ్చింది అన్నీ రాసుకుంటుంది. గొంతు సవరించుకున్న ప్రతిసారీ మీరు బటన్ నొక్కాలి. ముక్కులో గొట్టంతో ఒక రోజు చిరాకే, ఒప్పుకుంటాను. దీనికి వారం ముందు నుంచి మాత్ర ఆపమంటారు, ఆ వారం మంట ఎందుకు వస్తుందో మీకు ఇప్పుడు తెలుసు కాబట్టి కంగారుపడరు. ఎండోస్కోపీ ఒక్కటే చేయించుకుని నార్మల్ అని వస్తే రిఫ్లక్స్ లేదనుకోవద్దు, చాలామంది రిఫ్లక్స్ రోగుల్లో అది నార్మల్‌గానే వస్తుంది. పరీక్షలో రిఫ్లక్స్ లేదని తేలితే పాంటాప్రజోల్‌కి దండం పెట్టి, గొంతు నరాల సున్నితత్వం వైపు చూడాలి. దానికి తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్ లాంటివి రాసే డాక్టర్లున్నారు. డిప్రెషన్ మందు నాకెందుకు రాశారు అని అప్పుడు నాకు మెయిల్ పెట్టకండి, ఆ మోతాదులో అది నరాలకి.

మందు కానివి రెండే చెప్తాను, మిగతావి మీరు ఎక్కడైనా చదివే ఉంటారు. ఒకటి, ఆ దర్శిని. ఆరున్నరకి వడ, సాంబారు, కాఫీ దిగమింగి ఏడున్నరకి అడ్డంగా పడుకుంటున్నారు. మామూలు మనిషి రాత్రి పదకొండుకి భోంచేసి వెంటనే పడుకున్నట్టే కదా ఇది. తిండికీ పడకకీ మూడు గంటలు ఉండాలి. కడుపు నిండా తినేది ఆఫీసులో రాత్రి ఒంటిగంటకే కానివ్వండి, నాలుగింటికి ఒక అరటిపండు, ఇంటికొచ్చాక నీళ్ళు. మంచం తల వైపు కాళ్ళ కింద ఆరంగుళాల చెక్క దిమ్మెలు పెట్టండి, రెండు దిండ్లు వేసుకుంటే మెడ వంగుతుంది తప్ప ఛాతీ లేవదు. ఎడమ పక్కకి తిరిగి పడుకోవడం అలవాటు చేసుకోండి.

రెండోది, ఆ సవరించుకోవడం. కాల్ మధ్యలో మ్యూట్ నొక్కి గొంతు సవరించుకుంటున్నానని, ఒక్కోసారి మ్యూట్ మర్చిపోతే అటువైపు వాళ్ళు "ఆర్ యూ ఓకే" అంటారని రాశారు. సవరించుకున్న ప్రతిసారీ స్వరతంత్రులు రెండూ చటుక్కున కొట్టుకుంటాయి, వాస్తాయి, వాచినచోట జిగురు పేరుకుంటుంది, జిగురుంటే మళ్ళీ సవరించుకోవాలనిపిస్తుంది. మొదట ఏది కారణమైనా ఇప్పుడు ఈ సవరింపే సగం జబ్బు. అనిపించగానే ఒక్క గుక్క నీళ్ళు, లేకపోతే ఉమ్మి గట్టిగా మింగండి, లేదా చప్పుడు లేకుండా గాలి మాత్రం "హ్" అని వదిలి మింగండి. మొదటి మూడు రోజులు ప్రాణం పోతుంది, పదో రోజుకి సగం తగ్గుతుంది. మెంథాల్ ఘాటున్న చప్పరింపు బిళ్ళలు మాత్రం డ్రాయర్లోంచి తీసెయ్యండి, చల్లగా అనిపించినా గొంతును ఎండబెడతాయి.

ఎక్కువకాలం ఈ మాత్రలు వాడితే కిడ్నీ పోతుంది, మతిమరుపు వస్తుంది అని ఫార్వర్డ్‌లు తిరుగుతుంటాయి, మీకూ వచ్చే ఉంటాయి. 17,598 మందికి పాంటాప్రజోల్ లేదా ఉత్తుత్తి మాత్ర ఇచ్చి సుమారు మూడేళ్ళు గమనించిన పెద్ద పరీక్ష ఫలితం 2019లో వచ్చింది, పేగు ఇన్ఫెక్షన్లు కాస్త ఎక్కువ కావడం తప్ప మిగతా భయాలేవీ అందులో తేలలేదు. ఏళ్ళకి ఏళ్ళు వాడేవాళ్ళు బీ12, మెగ్నీషియం ఒకసారి చూపించుకుంటే చాలు. మీరు వాడిన ఐదు నెలలకి మీకేమీ కాలేదు, ప్రశాంతంగా ఉండండి.

ఈనో మానెయ్యండి, అది సోడా ఉప్పు, బీపీ ఉన్నవాళ్ళు అప్పుడప్పుడని మొదలుపెట్టి రోజూ తాగుతారు. అమ్మ మాట కొట్టెయ్యక్కర్లేదు, పులవని మజ్జిగ పలచగా చేసి, జీలకర్ర పొడి చల్లుకుని తాగండి, మీకు పడితే మంచిదే, ఉప్పు మాత్రం వెయ్యొద్దని నేను చెప్పానని చెప్పండి. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ, బీపీవి కూడా, ఒక కవర్లో వేసుకుని పట్టుకెళ్ళండి, ఫోన్లో ఫొటోలు కాదు.